శుక్రవారం చూపించే ఫోటో

అక్టోబరు 9, శనివారం

తెల్లబట్టలు చూసి అరావ్లా జింకలు పారిపోతున్నాయి. గురె ఉంటే పడీ పడీ నవ్వేవాడు.

మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు తెల్లబట్టలు కట్టుకుని ఇంటిపట్టున ఉండాలి. జింకల్ని ఫోటోలు తీసే గురె పని ఆగకూడదని పెద్దలే నన్ను పగటిపూట బీడుకి వెళ్ళి రమ్మన్నారు. బట్టల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తెల్లబీడు అంచున అడుగు పెట్టానో లేదో మంద మొత్తం తలలెత్తింది. కెమెరా కంటికి ఆనించేలోపు తోకలే మిగిలాయి. ఆ తోకల ఫోటో ఒకటి వచ్చింది. ఎవరికి చూపించుకోను దాన్ని.

చీలిచెవి కూడా పరిగెత్తింది. అంత పొట్టతో.

అక్టోబరు 10, ఆదివారం

పొద్దున్నే అత్త ఎబ్లా వచ్చి గురె లుంగీ నా ఒళ్ళో పడేసింది. బూడిదరంగుది, బీడుకి కట్టుకెళ్ళేది. దాన్నింకా ఉతకలేదు నేను.

"మీద కప్పుకుని వెళ్ళు," అంది.

"చూసినవాళ్ళు ఏమంటారత్తా?"

"నీ తెలుపు దేవుడు చూస్తే చాలు. జింకలకి కూడా చూపించాలని ఎక్కడా రాసిలేదు."

అత్తకి పళ్ళు లేవు, చూపు సగమే, నోరు మాత్రం ఏమీ తగ్గలేదు. తన ఆవు అదేయ్ పాలు తప్ప ఇంకేదీ ఆమె గొంతు దిగదు. ఆ పాలు కూడా ఈమధ్య సగం గ్లాసుకొచ్చాయి. చిన్నవానలు ఈపాటికి పడాలి. మబ్బు కూడా లేదు.

లుంగీ కప్పుకుని వెళ్తే నిలబడ్డాయి. కంటి కింద ఆ నల్లమచ్చలతో, నాలుగేసి కళ్ళున్నట్టు నావైపే చూస్తూ ఉండిపోయాయి. ఫోటోలు మాత్రం సరిగ్గా రాలేదు. లుంగీకి పొగ వాసన, చెమట వాసన ఉంది.

అక్టోబరు 13, బుధవారం

ఇది నేను చదువుకోడానికే కదా. రాసేస్తే పోతుంది.

గురె బోర్లా పడుకుని చీలిచెవిని ఫోటో తీస్తున్నాడట. మోచెయ్యి ఆనించిన చోటే పాముంది. అతని తమ్ముడు దాహిర్ తన మోటారుసైకిల్ మీద, దుప్పటితో వీపుకి కట్టుకుని మసలాని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలోనే పోయాడు. నన్ను ఎక్కించుకోలేదు. బండి మీద చోటు లేదు మరి.

మూడేళ్ళుగా ఆ చీలిచెవి వెంటపడ్డాడు. దాని ఎడమ చెవి నిలువునా చీలి ఉంటుంది, ఎంత మందలో ఉన్నా పట్టెయ్యొచ్చు. రెండు కాన్పులు దక్కలేదు దానికి. మొదటి దూడ దుమ్ములగొండి పాలైంది. రెండోది ఏమైందో ఎవరికీ తెలీదు. "ఈసారి నిలబెట్టుకుంటుంది చూడు సిరాద్, దాని పొట్ట చూస్తుంటే తెలుస్తోంది," అనేవాడు. పొట్ట చూస్తే ఎలా తెలుస్తుందయ్యా అని అడగాలని నోటిదాకా వచ్చేది. మాకూ నిలవలేదు కాబట్టి అడగలేదు.

ఇంక దీని గురించి రాయను.

అక్టోబరు 15, శుక్రవారం

నమాజు అయ్యాక పెద్దలు మసీదు వెనక నీడలో కూచున్నారు. ఆడవాళ్ళం నలుగురం కొంచెం ఎడంగా కూచున్నాం.

కట్టుబాటు గురెయే పెట్టించాడు. అరావ్లా దూడ పసిదిగా ఉన్నన్నాళ్ళు తెల్లబీడులోకి ఎవరూ పశువుల్ని తోలకూడదు, గడ్డి కోయకూడదు. దూడ ఉందని ప్రతి శుక్రవారం ఫోటో చూపించాలి. ఫోటో ఉంటే ప్రమాణం అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. ఆ ఫోటో సంగతి తప్ప మిగతాది అప్పట్లో ఎవరూ కాదనలేదు. అరావ్లా మేసే చోట ఆవులకి రోగాలు రావని మావాళ్ళకి ఎప్పటినుంచో నమ్మకం. పైగా అప్పుడు మిగతా చోట్ల కూడా గడ్డి ఉండేది.

ఇప్పుడు తెల్లబీడులో తప్ప ఎక్కడా లేదు.

"ఏమ్మా, ఈనిందా?" అని అడిగాడు హాజీ షిదాద్. మా ఊరికి ఆయన మాటే చివరి మాట.

"ఇంకా లేదు హాజీ. ఇవాళో రేపో."

"మా ఆవులు కూడా ఇవాళో రేపో అన్నట్టే ఉన్నాయి," అన్నాడు వెనకనుంచి ఎవరో. నవ్వారు.

దాహిర్ నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. "అన్న మాట ఈ ఒక్క కాన్పుకి నిలబెట్టండి. బీడుకి అందరికన్నా దగ్గర ఉన్నది నా కొట్టమే. నా ఆవులు కంచె అవతల గడ్డి చూస్తూ నిలబడుతున్నాయి. నేనే ఆగుతుంటే మీకేం?"

ఆ మాటకి అందరూ తలలూపారు. మా మరిది నోట అబద్ధం రాదని, అన్న మాట తప్పడని అందరికీ తెలుసు. అతని భార్య హోదన్ నా పక్కనే కూచుని ఉంది. ముసుగు సర్దుకుంటూ, "మీ మరిది మాటలకి పాలొస్తే బావుణ్ణు అక్కా," అంది నాకొక్కదానికే వినపడేట్టు.

అక్టోబరు 18, సోమవారం

చీలిచెవి మందని వదిలేసింది. ఒక్కతే పొడుగు గడ్డివైపు పోయింది. కాన్పుకి అలాగే పోతాయి.

అక్టోబరు 21, గురువారం

ఈనింది.

నేను వెళ్ళేసరికి దూడ ఇంకా తడిగానే ఉంది. పడుకునే ముందు కర్రతో నేలంతా బాదాను, గడ్డి దుబ్బు దుబ్బునా. తర్వాత బోర్లా పడుకుని, గురె చెప్పినట్టు ఊపిరి బిగబట్టి కెమెరా పెట్టుకున్నాను. తల్లి నాకుతోంది. దూడ లేవబోయి ముందుకి పడింది. మళ్ళీ లేవబోయి పక్కకి పడింది. కాళ్ళు ఎటు పెట్టాలో తెలీడం లేదు దానికి. మూడోసారి నిలబడింది. నిలబడి అలాగే ఉండిపోయింది, తనే నమ్మనట్టు.

చాలా ఫోటోలు తీశాను. ఎన్నో లెక్కలేదు. ఒక్కోటి తీస్తూ, "చూడు, చూడు," అంటున్నాను పైకే. ఎవర్ని చూడమంటున్నానో తర్వాత తట్టింది. అప్పటికి ఏడుపు రాలేదు, ఇప్పుడు రాస్తుంటే వస్తోంది. ఏం మనిషి, నెలరోజులు ఆగి ఉంటే చూసి పోయేవాడు కదా. అంత తొందరేమొచ్చింది.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. "ఆడదా మగదా?" అంది.

"చూళ్ళేదత్తా."

"అన్నేసి ఫోటోలు తీశావు, అసలు సంగతి చూళ్ళేదా," అని తిట్టింది. తిట్టి, మొహం అటు తిప్పుకుంది.

అక్టోబరు 22, శుక్రవారం

కెమెరా చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్ళింది. వెనక ఉన్న చిన్న అద్దంలో చూడాలి కాబట్టి ఒక్కొక్కరూ కళ్ళు చికిలించి, ముసుగులోకి దూరినట్టు శాలువా కప్పుకుని చూశారు.

"ఒంటె పిల్లలా ఉంది, కాళ్ళు చూడు."

"నీ పెళ్ళినాడు నీ కాళ్ళూ అలాగే వణికాయి, నేను చూశాను."

చాలా రోజుల తర్వాత అక్కడ నవ్వు వినపడింది. అది మందతో కలిసి పరిగెత్తేదాకా, లేదా వాన పడేదాకా బీడు మూత అన్నాడు హాజీ. అందరి తర్వాత దాహిర్ తీసుకున్నాడు కెమెరా. ఎంతసేపటికీ తిరిగివ్వలేదు. "అన్న చూడాల్సింది," అని మాత్రం అన్నాడు.

అక్టోబరు 29, శుక్రవారం

కొత్త ఫోటో చూపించాను. దూడ బాగుంది. ఒళ్ళు ఆరి ఇసుకరంగు తేలింది. తల్లి కడుపు కిందనుంచి నావైపు చూస్తోంది ఇందులో.

మబ్బు పట్టింది, పోయింది.

నవంబరు 1, సోమవారం

తల్లి ఒక్కతే ఉంది. దూడ గడ్డిలో పడుకుని ఉంటుంది. ఈ వయసులో అలాగే పడుకుంటాయి, అడుగు దూరంలో ఉన్నా కనపడవు. గురె ఎన్నోసార్లు చెప్పాడు.

నవంబరు 2, మంగళవారం

పొడుగు గడ్డి దగ్గర చిన్న గిట్ట ఒకటి కనపడింది. చుట్టూ రేచుకుక్కల అడుగులు. ఏ పొదజింకదో అయ్యుంటుంది. ఆ పక్క అవి బోలెడు తిరుగుతాయి.

తల్లి అక్కడే ఉంది. అటూ ఇటూ తిరిగి మళ్ళీ అదే చోటికొస్తోంది. దూడ అక్కడ లేకపోతే ఎందుకుంటుంది?

నవంబరు 4, గురువారం

ఇవాళ గురె లుంగీ ఉతికాను. ఎందుకు ఉతికానో. వాసన పోయింది.

నవంబరు 5, శుక్రవారం

మొదటిరోజు తీసినవాటిలో వాళ్ళు చూడనివి చాలా ఉన్నాయి. అందులో ఒకటి చూపించాను. ఒళ్ళు ఆరాక తీసింది, తడి తెలీదు. ఇది ఈ వారం తీశాను అని నేను అనలేదు. కెమెరా ఇచ్చాను, వాళ్ళు చూశారు, "సరే, ఉంది," అన్నారు. వాళ్ళే అన్నారు.

తల్లి ఉంది కదా. పశువులు వస్తే అది కూడా పోతుంది. దూడ గడ్డిలోనే ఉంటే?

నవంబరు 9, మంగళవారం

పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా కూచున్నాను. తల్లి మేస్తోంది. పొదుగు ఇంకా నిండుగానే ఉంది.

వచ్చేసరికి హోదన్ పొయ్యి దగ్గర ఉంది. మా రెండు గుడిసెలకీ పొయ్యి ఒకటే. ఆమె చంటిది ఇదిల్ పాలబుర్రలో వేలు పెట్టి తీసి నాకుతోంది. బుర్ర ఖాళీ. పొగ పట్టించిన వాసన తప్ప అందులో ఏమీ లేదు.

"దూడ ఎలా ఉందక్కా?" అంది హోదన్.

"బాగుంది."

"దాని తల్లికి పాలున్నాయి కాబోలు."

ఆమె నల్లటీలో చక్కెర ఎక్కువేసి పిల్లకి ఇచ్చింది. అది మూతి పెట్టి, పాలు కాదని తెలిసి, గుక్కపట్టింది. ఆ ఏడుపు నా గుడిసెలోకి వినపడుతూనే ఉంది. అంత చిన్న గొంతుకి అంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో.

దాహిర్ ఆవులు రెండు పోయాయి ఈ వారం.

నవంబరు 12, శుక్రవారం

ఈసారి తల్లి కడుపు కిందనుంచి చూస్తున్నదాన్నే, కొంచెం పక్కనుంచి తీసిన ఫోటో చూపించాను. హాజీ షిదాద్ దాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు.

"ఇంకా ఇంతే ఉందేమిటిది? ఈపాటికి మెడ సాగాలే."

పశువుల మధ్య పుట్టినవాళ్ళకి దూడ వయసు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ సంగతి నాకెందుకు తట్టలేదు? తట్టి ఉంటుంది.

దాహిర్ అందుకున్నాడు. "ఎండుగడ్డి మేస్తే తల్లికి పాలెక్కడివి హాజీ? కరువులో మన దూడలు మాత్రం పెరిగాయా? నా ఇంట్లో ఉన్నవి చూడు, కిందటి ఏడాదివి కూడా మేకల్లా ఉన్నాయి."

"అదీ నిజమే," అన్నాడు హాజీ, కెమెరా ఇచ్చేశాడు.

దాహిర్ నన్ను నమ్ముతున్నాడు. అంత నమ్మకం పెట్టుకున్న మనిషికి... ఇంక రాయను. వచ్చే వారం చెప్పేస్తాను. వాన పడితే చెప్పక్కర్లేదు.

నవంబరు 14, ఆదివారం

అదేయ్ పడిపోయింది. దాహిర్, నేను, హోదన్, పక్కింటివాళ్ళు ఇద్దరు, పొట్ట కింద రెండు కర్రలు పెట్టి లేపాం. తోక పట్టుకుని నిలబెట్టాం. కాసేపు నిలబడింది. వదలగానే మోకాళ్ళ మీద కూలింది. మళ్ళీ లేపాం.

"బీడు అదుగో, ఇక్కణ్ణుంచే కనపడుతోంది," అంది హోదన్ ఆయాసపడుతూ. "రెండు మోపులు తెస్తే ఇది లేస్తుంది. రెండే."

"కట్టుబాటు," అన్నాడు దాహిర్.

"కట్టుబాటు పాలిస్తుందా?"

అతను నావైపు చూడలేదు. నేను ఆవు మెడ పట్టుకుని ఉన్నాను. నేను నోరు తెరిస్తే చాలు, రెండు మోపులు కాదు, బీడంతా ఆ ఆవుదే. నోరు తెరవలేదు. నా నోట్లోంచి ఆ మాట వస్తే గురె ఆ రోజు అక్కడ ఎందుకు పడుకున్నట్టు? దేనికోసం పోయినట్టు?

నవంబరు 16, మంగళవారం

లేపాం. పడింది. లేపాం.

నవంబరు 18, గురువారం

ఇంక లేవదని తెలిసి, ప్రాణం ఉండగానే దాహిర్ కోశాడు. మాంసం మీద కొవ్వన్నది లేదు. ఇరుగుపొరుగుకి పంచితే మొహమాటానికి తీసుకున్నారు.

అత్త ముట్టలేదు. అంజెరా అట్టు ముక్క నల్లటీలో నానబెట్టి ఇస్తే కొంచెం నోట్లో పెట్టుకుని తీసేసింది. "నాకు ఆకలి లేదులే. ఆ పిల్లకి పెట్టండి," అంది. సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి, "గురె దూడ బావుందా?" అని అడిగింది. గురె దూడ అంటోంది ఇప్పుడు.

బావుందత్తా అన్నాను.

రేపు చెప్పేస్తాను. చెప్పకపోతే నేను మనిషిని కాదు.

నవంబరు 19, శుక్రవారం

దాహిర్ దూడని చూశాడు!

ముందునుంచి రాస్తాను. కెమెరా తీసుకెళ్ళలేదు ఇవాళ. కావాలనే ఇంట్లో పెట్టి వెళ్ళాను. హాజీ "ఏదమ్మా?" అన్నాడు. లేచి నిలబడ్డాను. "హాజీ, నేనొక మాట చెప్పాలి," అన్నానో లేదో దాహిర్ కూడా లేచాడు. "కెమెరా పాడైంది. వదిన అదే చెప్పబోతోంది. దూడ ఉంది. పొద్దున నేనే చూశాను, పొడుగు గడ్డికి ఆ పక్కన, తల్లి దగ్గర," అన్నాడు.

అందరూ సరే అన్నారు. అతను చెబితే ఇంక ఫోటో ఎందుకు?

నేను కూచున్నాను. దాహిర్ అబద్ధం చెప్పడు. కెమెరా పాడైందనడం అబద్ధమే, కానీ అది నన్ను కాయడానికి. చూశానన్నది ఎందుకు అబద్ధమవుతుంది? ఆ గిట్ట నిజంగానే పొదజింకది. నేను అప్పుడే రాశాను కూడా, వెనక్కి తిప్పి చూసుకున్నాను. పొడుగు గడ్డికి ఆ పక్కన నేను వెతకనే లేదు. ఇన్ని రోజులు అక్కడ పెట్టుకుని దాచింది మహాతల్లి.

కెమెరా తీసుకుని వెళ్తున్నాను. లుంగీ కూడా వద్దు, టైం లేదు.

నవంబరు 20, శనివారం

నిన్న జరిగింది.

పొడుగు గడ్డికి ఆ పక్కంతా వెతికాను. పొద పొదా వంగి చూశాను. పిలిచాను కూడా, పెంపుడు దూడని పిలిచినట్టు. చీలిచెవి దూరంగా నిలబడి నన్నే చూసింది. పొదుగు ఎండిపోయి ఉంది. అది చూసి కూడా వెతికాను.

పొద్దు వాలుతుంటే దాహిర్ వచ్చాడు.

"ఏం చేస్తున్నావు వదినా?"

"నువ్వు చూసింది ఎక్కడ? సరిగ్గా చెప్పు. ఈ పక్కనా, ఆ వాగు పక్కనా?"

అతను నా మొహం చూశాడు. ఏమనుకున్నాడో, గడ్డిలో కూచుండిపోయాడు. "వదినా, నువ్వు నమ్ముతావనుకోలేదు," అన్నాడు. "నేను చూళ్ళేదు."

"మరెందుకన్నావు?"

"నువ్వు చెప్పేయబోతున్నావని తెలిసింది. ఆపాలనిపించింది."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"రేచుకుక్కలు మా కొట్టం పక్కనుంచే వచ్చాయి. పొద్దున్నే వాటి అడుగుల వెంట వెళ్ళాను. మిగిలింది తీసి ముళ్ళకంప కింద పెట్టాను, నువ్వు చూడకూడదని."

"గిట్ట ఒకటి వదిలేశావు," అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. అన్నాక ఇంక పొదజింక అనడానికి వీల్లేకపోయింది.

ఇన్ని శుక్రవారాలు నేను ఫోటో అందిస్తుంటే తెలిసే చూశాడు. తెలిసే ఆవుల్ని ఆపుకున్నాడు. అదేయ్‌ని లేపుతున్నప్పుడు ఆ పక్క కర్ర పట్టుకున్నది అతనే. నాకు పిచ్చికోపం వచ్చింది, నా మీద రావలసిందంతా అతని మీదకి పోయింది. "నీకు బుద్ధుందా? నాకైతే మతిపోయింది. నీ పిల్ల పాలకి ఏడుస్తుంటే ఎలా ఊరుకున్నావు? ఒక్క మాట అంటే పోయేది కదా, అబద్ధం వదినా అని," అని అరిచాను.

అతను గడ్డి పీకుతూ కూచున్నాడు. అలాగే చెప్పాడు.

"ఆ రోజు అన్న నా వీపుకి ఆనుకుని ఉన్నాడు బండి మీద. మాట్లాడుతూనే ఉన్నాడు. సగం దారిలో ఒకచోట ఆయన బరువు మారింది. నాకు తెలిసింది వదినా. బండి ఆపితే నిజమైపోతుంది. ఆపలేదు. మసలాని దాకా తోలుతూనే ఉన్నాను. 'కొంచెం ఓర్చుకో అన్నా, వచ్చేశాం,' అంటూనే ఉన్నాను. ఇదీ అంతే అయింది. నువ్వు ఫోటో చూపిస్తున్నావు. ఇంకో వారం, ఇంకో వారం అనుకున్నాను."

ఇద్దరం అక్కడే కూచున్నాం. నేను ఏడ్చాను, గురె పోయాక అంత ఏడవడం అదే. అతను మగవాడు కాబట్టి మొహం కడుక్కోడానికని వాగువైపు వెళ్ళాడు. వాగులో నీళ్ళు లేవు.

నవంబరు 21, ఆదివారం

శుక్రవారం దాకా ఆగలేదు. హాజీ ఇంటికే వెళ్ళాను, పెద్దల్ని పిలిపించమన్నాను. అంతా చెప్పాను. దాహిర్ ముళ్ళకంప సంగతి మాత్రం నేను చెప్పలేదు. అతను లేచి తనే చెప్పుకున్నాడు.

"బీడు తెరవండి," అన్నాడు హాజీ. తర్వాత దాహిర్‌ని అడిగాడు. "అందరికన్నా నష్టపోయింది నువ్వు. ఈమె దగ్గరనుంచి నీకేం రావాలో చెప్పు."

"నాకేం రావాలి? నా ఆవులు కరువుకి పోయాయి."

మళ్ళీ అదే పని. నన్ను అందరి ముందు నాలుగు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"నువ్వు బీడుకి వెళ్ళు, ఫోటోలు తీసుకో, ఎవరూ వద్దనరు," అన్నాడు హాజీ నాతో. "కానీ ఇంక ఇక్కడ ఫోటో చెల్లదు. ఎవరు తెచ్చినా సాక్షి ఉండాలి, ప్రమాణం ఉండాలి."

ప్రమాణం అక్కర్లేదని గురె సాధించుకున్న మాట. వాళ్ళని ఒప్పించడానికి అతనికి రెండేళ్ళు పట్టింది. నా చేతిలో నెల కూడా నిలవలేదు.

నవంబరు 22, సోమవారం

తెల్లవారేసరికి ఊరి పశువులన్నీ బీడులో ఉన్నాయి. దాహిర్‌వి నాలుగు మిగిలాయి. అవి ఆ కాస్త దూరం కూడా నడవలేవు. వాటికి గడ్డి కోసి మోసుకురావాలి.

అత్తకి నేనే చెప్పాను. విని, "ఎప్పుడు?" అంది. చెప్పాను. "నిన్నగాక మొన్న బావుందన్నావే," అంది. అంతే. తిట్టలేదు. అత్త తిట్టకపోవడం నా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

నవంబరు 25, గురువారం

పొద్దున గడ్డి, సాయంత్రం గడ్డి. హోదన్ నాతో మాట్లాడదు. చీలిచెవి కనపడలేదు.

నవంబరు 27, శనివారం

ఇవాళ గడ్డి కోస్తూ హోదన్ ఆగింది. కొడవలి కింద పెట్టి చెయ్యి చాపింది.

"ఏదీ, చూపించు."

"ఏమిటి?"

"ఆ దూడ. మగవాళ్ళందరూ చూశారు. నా ఆవులు దేనికి పోయాయో నేనొక్కసారీ చూళ్ళేదు."

కెమెరా నా సంచిలో ఉంది. మొదటిరోజు ఫోటో తీసి ఇచ్చాను, మూడోసారి లేచి నిలబడినది. ఎండకి కనపడక ముసుగు కప్పుకుని చూసింది. ముసుగు లోపల ఎంతసేపు ఉందో. నేను నిలబడే ఉన్నాను.

"తడిగా ఉంది," అంది లోపలనుంచి.

"అప్పుడే పుట్టింది."

"ఇంత చిన్నదా?"

"ఆఁ."

ముసుగు తీసింది. కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "ఇదిల్ రాత్రుళ్ళు పాలకి ఏడుస్తుంటే నీకు వినపడేది కదా?"

"వినపడేది."

"విని, పొద్దున లేచి, ఇది చూపించావు."

"చూపించాను."

కెమెరా నా చేతిలో పెట్టింది. కొడవలి తీసుకుంది. "కోయి. ఎండెక్కుతోంది," అంది. అక్కా అనలేదు.

కోశాను.